మనమను మాటలో ఎవరెవరున్నారు?

(మన సంఘ సర్వసభ్య సమావేశమునందు కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



సమాజశాస్త్రమును గూర్చి మాటలాడెదమని ఆహ్వానపత్రములో చూచి మీలో కొందరు నవ్వుకొనియుందురు. పప్పు బెల్లములు తూచువారికి శాస్త్రముతో ఏమి పని? న్యాయమైన ప్రశ్నయే. మా చదువు పదవ తరగతితో ముగిసినది. ఆ తరువాత మేము చదివినది చిట్టా, పేరేడు, సరకుల ధరల పట్టిక. అయితే మా మేనల్లుడు కళాశాలలో ఈ శాస్త్రమును చదువుచు, సెలవులకు మా యింటికి వచ్చినప్పుడెల్ల తన పుస్తకములను మా అంగడి గల్లాపెట్టె ప్రక్కన వదలిపోవుచుండెను. బేరములు లేని మధ్యాహ్నవేళల ఆ పుటలు త్రిప్పుట మాకు అలవాటయ్యెను. తెలియనిచోట వానిని అడిగెడివారము. వాడు విసుగుకొనుచునే చెప్పెడివాడు.

నిరుడు ఇదే సభలో మన ఆదివారపు తెలుగు తరగతిని గూర్చి జరిగిన వాగ్వాదము మీకు జ్ఞాపకముండును. ముప్పదిమంది పిల్లలు తొమ్మండుగురికి దిగిరి. అప్పుడు మేమే లేచి, తప్పంతయు తల్లిదండ్రులదే యనియు, వారిలో భాషాభిమానము నశించినదనియు పరుషముగా పలికితిమి. ముందువరుసలో కూర్చున్న ఒక తల్లి కంట తడిపెట్టుకొని లేచిపోయినది. మేము అన్నమాట తప్పని ఈ యేడాది చదువు మాకు తెలిపినది. తరగతిని మూసివేయవలెనను తీర్మానము ఈ సాయంకాలమే మీ ముందునకు వచ్చుచున్నది గనుక, చేతులెత్తుటకు ముందే ఈ నాలుగు మాటలు చెప్పుట మా విధి.

ఈ శాస్త్రమునకు పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త ఆగస్టు కోంతు, 1838లో. కాని అది స్వంత కాళ్లపై నడచుట నేర్చినది తరువాతి తరములయందు, ముఖ్యముగా అదే దేశమువాడైన ఎమీల్ దుర్ఖేము చేతిలో. ఆయన 1895లో ప్రకటించిన గ్రంథములో ‘సామాజిక వాస్తవము’ అను భావమును ప్రతిపాదించెను. మనము పుట్టకముందే యుండి, మనకు వెలుపలనుండి మనలను నడపునట్టి రీతులు కొన్ని యున్నవి. మనము కాదన్నను అవి పోవు. ఎదిరించినవానికి వాని బరువు తెలియును. ఇందుకాయన ఇచ్చిన దృష్టాంతములు చూచి మాకు ఆశ్చర్యము కలిగెను. ఒకటి మనము మాటలాడు భాష, రెండవది అప్పు తీర్చు నాణెము, మూడవది వర్తకులు వాడు హుండీలవంటి పత్రములు. భాషను నాణెము ప్రక్కన నిలబెట్టినవానిని మేము అంతకుముందు ఎరుగము.

ఆలోచింపుడు. రేపటినుండి మా అంగడిలో గవ్వలే పుచ్చుకొందుమని బోర్డు కట్టినచో సాయంకాలమునకు అంగడి మూతపడును. గవ్వలయందు మాకెంత అభిమానమున్నను ప్రయోజనము లేదు. నాణెము చెల్లుట దానిని పుచ్చుకొను చేతులనుబట్టి యుండును. భాషయు అంతే. ఒక ఇంటిలో ఒక తల్లి మాత్రము తెలుగు పలికి, వీధిలోగాని బడిలోగాని ఆటస్థలములోగాని ఆ మాటను పుచ్చుకొనువారు లేకపోయినయెడల, బిడ్డ ఆ నాణెమును జేబులోనే పెట్టుకొని కొంతకాలమునకు ఎచటనో పారవేయును. మేము నిరుడు ఆ తల్లిని నిందించితిమి. చెల్లని నాణెమును ఒంటరిగా చెల్లించుమని ఆమెను అడిగినవారము మేమే.

1897లో ఆయన ఆత్మహత్యలను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. మనుష్యుడు చేయు పనులలో అంతకన్న ఏకాంతమైనది వేరొకటి యుండదని మనమనుకొందుము. ఆయనయో, యూరపు దేశముల లెక్కలను ముందుంచుకొని, కాథలిక్కులకన్న ప్రొటెస్టెంట్లలోను, వివాహితులకన్న అవివాహితులలోను అవి హెచ్చుగా నుండుటను చూపి, సంఘముతో ముడి సడలినకొలదియు ఆపద పెరుగునని వాదించెను. ఆ లెక్కలను తరువాతివారు కొంత తప్పుపట్టిరి. అయినను, ఒక్కొక్కరి మనస్సులో వెదకి దొరకని కారణము వారి చుట్టునున్న ముడులలో దొరకవచ్చునను బుద్ధి ఆయన మనకిచ్చినది.

జర్మనీవాడైన టోనీసు 1887లోనే మానవ సంబంధములను రెండుగా విభజించెను. రక్తము, ఇరుగుపొరుగు, అలవాటు వలన పుట్టినవి ఒక తెగ. ఒప్పందము, లాభము కొరకు కట్టుకొన్నవి మరియొక తెగ. రెండును కలగలసి యుండునని ఆయనయు ఒప్పుకొనెను. మా అరువు ఖాతాలు చూచినవారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మూడు తరములనుండి సరకు తీసికొనుచున్న ఇంటివారియొద్ద వడ్డీ పుచ్చుకొనము. కాని బాకీ తేదీ మాత్రము తప్పక వ్రాసియుంతుము.

మా మనస్సును మిక్కిలి పట్టినది మరియొక జర్మను పండితుడు, గేయోర్గు జిమ్మెలు, 1908లో పరదేశిని గూర్చి వ్రాసిన చిన్న ప్రకరణము. ఆయన దృష్టిలో పరదేశి దారిన పోవు బాటసారి కాడు. వచ్చి, నిలిచి, ఊరిలో ఒకడైపోయినవాడు. అయినను మొదటినుండి ఆ ఊరివాడు కానివాడు. దగ్గరితనమును దూరమును వానియందు ఒక్కసారే యుండును. చరిత్రలో వాని ముఖ్యరూపము వర్తకుడు. పొలములన్నియు అప్పటికే పంచుకొనబడిన ఊరిలో, వెలుపలినుండి సరకు తెచ్చువానికే చోటు దొరకును. పూర్వము ఇటలీలోని కొన్ని నగరములు తమ న్యాయాధికారులను పరస్థలములనుండి పిలిపించుకొనెడివని ఆయన జ్ఞాపకము చేయును. ఊరి వంశములలో ఏ ఒక్కదానితోను ముడిలేనివాడే నిష్పక్షపాతముగా చూడగలడని వారి నమ్మకము.

ఇది చదివి మేము గల్లాపెట్టె మూసి కొంతసేపు ఊరకుంటిమి. విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబములలో సైనికులున్నారు, సేద్యగాండ్రున్నారు, నేతగాండ్రున్నారు, వర్తకులున్నారు. మా తాతగారి కాలమున వీధిలోని రెండు తమిళ కుటుంబములు దాయాదుల తగవు పడి, తీర్పు అగువరకు తమ నగలమూటను తెచ్చి మా తాతగారి పెట్టెలో పెట్టినవి. ఆయన చాలా మంచివారని పెట్టలేదు. ఇరువురికిని చుట్టము కారని పెట్టినవి. ఆ దూరమే మన వర్తకమునకు పెట్టుబడి యయ్యెను.

నేడు మన పిల్లలు ఆ తీరు పరదేశులు కారు. తమిళము వారి బడి భాష, స్నేహముల భాష, సినిమా భాష. 2006లో చట్టము వచ్చిన పిమ్మట బడులలో అది తప్పనిసరి పాఠ్యభాషయు నైనది. దానిని గూర్చిన వినతులు వేరు; వానిని వ్రాయుటకు మన కార్యదర్శిగారున్నారు. మనకు అన్నము పెట్టిన భాషపై మాకు ఫిర్యాదు లేదు. మన సమస్య తమిళము వచ్చుట కాదు, తెలుగునకు చోటు లేకపోవుట.

ఆ చోటు ఎట్టిది? అమెరికావాడైన చార్లెసు కూలీ 1909లో ‘ప్రాథమిక సమూహము’ అను మాటను వాడెను. ముఖాముఖిగా, చనువుగా, కలసి మెలసి యుండు చిన్న గుంపు అది. మనుష్యుని స్వభావము రూపుదిద్దుకొనునది దానిలోనే. ఆయన ముఖ్యముగా మూడింటిని చెప్పెను: కుటుంబము, పిల్లల ఆటల గుంపు, ఇరుగుపొరుగు పెద్దల కూటమి. మన తెలుగు తరగతిలో ఏమున్నవి? నల్లబల్ల, వాచకము, ఆదివారము ఉదయము ఒక గంట. ఈ మూడు సమూహములలో ఒక్కటియు లేదు.

మా యింటి సంగతియే చెప్పెదము. పాత ఇంటిలో అంగడిపైన మేడమీద అందరము కలసియుంటిమి. మా పెద్దవాడు మా అమ్మగారి ఒడిలో పెరిగి ‘అవ్వా, అవ్వా’ యని వెంట తిరిగెడివాడు. ఆరేండ్ల క్రిందట ఊరిబయట కొత్త ఇల్లు కట్టుకొంటిమి. మెట్లు ఎక్కలేక దిగలేక యున్నను, అలవాటైన వీధిని విడువనని అమ్మగారు మా తమ్మునియొద్దనే యుండిపోయిరి. మా చిన్నది కొత్త ఇంటిలో పెరిగినది. మొన్న పండుగకు తీసికొనిపోగా అది గుమ్మములో నిలిచి ‘పాట్టి’ యని పిలిచినది. అమ్మగారు పలికిరి, నవ్విరి, మిఠాయి పెట్టిరి. రాత్రి మాతో మాత్రము, “నన్ను అవ్వా అని పిలిచేవాళ్ళు ఇంక ఒక్కడే మిగిలినాడురా” అనిరి. పిల్లను అనుటకు ఏమున్నది? ఇల్లు కట్టినది మేము. వాస్తుకు, నీళ్లకు, బండి నిలుపుటకు చోటుకు అన్నిటికిని లెక్క చూచితిమి. అవ్వ ఎంత దూరమగునో లెక్క చూడలేదు.

ఇక తరగతి ఎట్లు క్షీణించినదో చెప్పవలెను. రాబర్టు మెర్టను అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు 1948లో వ్రాసిన వ్యాసములో ఒక బ్యాంకు కథ యున్నది. బ్యాంకు గట్టిదే. ఖాతాలు సరిగానే యున్నవి. ఒకనాడు అది దివాలా తీయనున్నదని పుకారు పుట్టెను. సొమ్ము దాచినవారందరు పరుగెత్తుకొని వచ్చి వరుస కట్టిరి. సాయంకాలమునకు బ్యాంకు నిజముగానే దివాలా తీసెను. తప్పుడు జోస్యము, జనులు నమ్మి నడచుకొన్నందువలననే, నిజమై కూర్చున్నది. అటుపైని జోస్యము చెప్పినవాడు, ‘చూచితిరా, నేను చెప్పలేదా’ యని జరిగినదానినే సాక్ష్యముగా చూపును. వర్తకులకు ఇది కొత్త సంగతి కాదు. ఒక అంగడివాడు మునుగుచున్నాడన్న మాట బజారులో పుట్టినచో, టోకువారు అరువు ఆపుదురు. ఆపినందున వాడు మునుగును.

మన తరగతి విషయములో ఆ పుకారు ఎక్కడ పుట్టినదని విచారించితిమి. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులను అడిగి, వారు ఎవరియొద్ద వినిరో వారిని అడిగి, వెనుకకు వెనుకకు పోగా, ఆ దారి వచ్చి మా అంగడి గుమ్మములోనే ఆగినది. రెండేండ్ల క్రిందట ఒక సభ్యునితో టీ త్రాగుచు, “ఈ తరగతి వచ్చే ఏడు ఉంటుందో ఊడుతుందో” అని మేమే అంటిమి. ఉపాధ్యాయుని జీతము ఆ నెల ఆలస్యమగుటచే వచ్చిన చిరాకు అది. కార్యవర్గమువారే అన్నమాట గదా యని అది ఊరంతయు తిరిగినది. ఉండని తరగతికి పంపుట ఎందుకని కొందరు పిల్లలను హిందీకి, కొందరు సంగీతమునకు మార్చిరి. సంఖ్య తగ్గినది. నిరుటి సభలో లేచి, తగ్గుననుట మాకు ముందే తెలియునని గొప్పగా చెప్పితిమి. మెర్టను వ్రాసిన ఆ జోస్యుడు మేమే.

కావున తరగతికి ప్రజలలో గిరాకీ లేదను వాదము అసత్యము. అయినను తరగతిని ఇదివరకటివలెనే సాగింపుడని మేము కోరుట లేదు. భాషాసమాజశాస్త్రములో పేరెన్నిక గన్న జాషువా ఫిష్మను 1991లో ప్రకటించిన గ్రంథములో, క్షీణించు భాషల స్థితిని ఎనిమిది మెట్లుగా అమర్చి చూపెను. పై మెట్లలో బడులు, పత్రికలు, కార్యాలయములు ఉన్నవి. ఇల్లు, వీధి, ఇరుగుపొరుగులలో ఒక తరమునుండి మరియొక తరమునకు మాట అందు మెట్టు ఒకటి యున్నది. అది విరిగినప్పుడు పై మెట్లపై ఎంత సొమ్ము పోసినను నిలువదని ఆయన నిర్ణయము. మన తరగతి విరిగిన మెట్టుపైన వేసిన కుర్చీ.

ఇచట మాకొక చిక్కు ఎదురైనది. మహారాష్ట్రములో సాంగ్లీ యొద్ద కుప్వాడు అను గ్రామము కలదు. అచట మరాఠీ, కన్నడము, ఉర్దూ, కొలదిగా తెలుగు పలుకు కుటుంబములు తరతరములుగా కలసి యుండుటను గంపర్జు, విల్సను అను పండితులు పరిశీలించి 1971లో ప్రకటించిరి. తెలుగు పలుకువారు త్రాళ్లు పేనువారు. దినదినమును ఒకరి భాష నొకరు వినుచు, పలుకుచు నుండుటచే అన్ని భాషల వాక్యనిర్మాణమును దాదాపు ఒక్కటైపోయినది. మాటకు మాట మార్చిన చాలును. అయినను మాటలు మాత్రము వేరువేరుగానే నిలిచినవి, ఇండ్లలో ఎవరి భాష వారిదిగానే యున్నది. ఎందువలన? ఒక కులమువారి ఇంటిలోపలికి మరియొక కులమువారికి ప్రవేశము లేనందువలన. భాషను కాపాడిన గోడయు, మనుష్యులను వేరుచేసిన గోడయు ఒక్కటే. ఇది చదివి మాకు సంతోషము కలుగలేదు. ఆ గోడ మనకు అక్కరలేదు. గోడ లేకుండ భాష నిలుచునా? ఇదియే మా చిక్కు.

దీనికి ప్రత్యుత్తరము పుస్తకములో కాక వీధిలో దొరకినది. నాలుగు నెలల క్రిందట మా అంగడి కుర్రవాడు సెలవు పెట్టుటచే, ఒక ఇంటికి నెలసరకు మేమే బండిమీద వేసుకొని పోయితిమి. అది మార్కెట్టు వెనుక పురపాలక పారిశుద్ధ్య సిబ్బంది నివసించు వీధి. సాయంకాలమగుటచే పదిమంది పిల్లలు కబడ్డీ ఆడుచు గొడవపడుచుండిరి. “ఒరే, నేను అవుటు కాలేదురా, నువ్వే గీత దాటినావు!” అని ఒకడు అరచెను. మేము సరకు దింపుట మరచి నిలిచితిమి. తెలుగులో జగడము! మన తరగతిలో మూడేండ్లు చదివిన పిల్లలు తెలుగులో పద్యము చెప్పగలరు గాని జగడమాడలేరు. కూలీ చెప్పిన ఆటల గుంపు అక్కడ, మన అంగడికి రెండు ఫర్లాంగుల దూరములో, మన సొమ్ము ఒక్క పైసాయైన లేకుండ నడచుచున్నది.

వారు అరుంధతీయులు. కోయంబత్తూరు, ఈరోడు, తిరుప్పూరు ప్రాంతములలో ఆ సముదాయమువారు అనేకులు నేటికిని ఇండ్లలో తెలుగు పలుకుదురు. 2009లో ఈ రాష్ట్ర ప్రభుత్వము షెడ్యూల్డు కులముల భాగములోనే వారికి 3 శాతము ప్రత్యేకించినది. వారి యునికి ప్రభుత్వపు లెక్కలో ఉన్నది. మన లెక్కలోనో? అరుగుమీద కూర్చున్న ఒక ముసలామె మా పలుకు విని, “మీరూ తెలుగోళ్ళేనా సామీ? మా పిల్లలకి అచ్చరాలు చెప్పేవాళ్ళు లేరు” అనెను. ఆమె వయస్సు మా అమ్మగారి వయస్సు. మేము ఆమెకు సామి ఎట్లయితిమి? సమాధానము చెప్పలేక సరకు దింపి వచ్చితిమి.

ఇంటికి వచ్చి సభ్యత్వ పుస్తకము తీసి చూచితిమి. ఆ వీధినుండి ఒక్క పేరును లేదు. ఎవరును వలదనలేదు. కాని మన నియమావళిలో, కొత్త సభ్యునికి ఇద్దరు పాత సభ్యులు సంతకము చేయవలెనని యున్నది. పాత సభ్యులు తమ చుట్టములకే చేయుదురు. ద్వేషము లేకుండగనే గోడ నిలుచుట ఇట్లే. సమ్నరు అను పండితుడు 1906లో మన జట్టు, పెర జట్టు అను భేదమును వివరించి, ప్రతి జట్టును తనను నడుమ నుంచుకొని లోకమును కొలుచునని వ్రాసెను. 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు సుమారు 42 లక్షలు. ఆ సంఖ్యను మన ప్రతి వినతిపత్రములోను మొదటి వాక్యముగా వ్రాయుదుము. ఆ వ్రాయునపుడు ఆ ముసలామెను లెక్కించితిమి. ఉగాది విందునకు పిలుచునపుడు లెక్కింపలేదు.

ఈ సంగతులు కార్యవర్గములో చెప్పగా ఒక పెద్దలు, “ఇది రేపు పెండ్లి సంబంధములవరకు పోవును గదా” యనిరి. మేము తరగతిని గూర్చి మాటలాడితిమి. వారు పెండ్లిని గూర్చి భయపడిరి. ఆ భయము మా యింటిలోను లేదని మేము బొంకము. అయినను పిల్లలు కలసి కబడ్డీ ఆడుటకు అది అడ్డము రాకూడదు.

మా సూచనలు ఇవి. తరగతి మూసివేత తీర్మానమును త్రోసిపుచ్చవలెను. ఆదివారము ఉదయపు గంటను మాని, సాయంకాలము ఆ వీధియందు, వారు ఒప్పుకొన్నయెడల, తరగతిని పెట్టవలెను. మన పిల్లలే అచటికి పోవలెను. మొదట ఆట, తరువాత అక్షరము. వారు మన పిల్లలకు జగడమాడుట నేర్పుదురు, మనము వారికి వ్రాయుట నేర్పుదము. ఎవరును ఎవరికిని దానము చేయుట లేదు. ప్రతి వారము ఒక ఇంటి అవ్వ అచట కూర్చుండవలెను, మొదటి వంతు ఆ అరుగుమీది అవ్వదే. సభ్యత్వమునకు రెండు సంతకముల నియమమును తీసివేయవలెను. హాలునకు రంగు వేయుటకు దాచిన సొమ్ములో కొంత పలకలకును, ఉపాధ్యాయుని జీతమునకును మార్పవలెను. జీతము మాత్రము నెల మొదటి తేదీననే ఈయవలెను.

నిరుడు లేచిపోయిన ఆ తల్లి ఇంటికి నిన్న పోయి క్షమాపణ చెప్పుకొంటిమి. ఆమె కాఫీ ఇచ్చెను గాని క్షమించితినని చెప్పలేదు. ఆ వీధికి తమ అమ్మాయిని పంపుదురా యని అడుగగా, మా పిల్లలు ముందుగా పోవుదురా యని ఆమె అడిగెను. పోవుదురని మాట ఇచ్చితిమి. రాబోవు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు మేమును మా ఇద్దరు పిల్లలును మా అంగడినుండి బయలుదేరుచున్నాము. నల్లబల్ల బరువుగా నున్నది. మోయుటకు ఇంకొకరు కావలెను.